నడుస్తున్న అవ్వను పలకరించవద్దు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము చూడవలసినవి ఏమిటో అచ్చువేసిన ప్రశ్నావళిలో ఉంటాయి. నగదు పుస్తకం, పాల సేకరణ రిజిస్టరు, శాంపిలు సీసాలు, తూకం యంత్రం మీది ముద్ర, సభ్యత్వపు జాబితా, వాటాధనం, పాలకవర్గ సమావేశాల మినిట్సు. సభ్యులు కేంద్రం మెట్లు ఎలా ఎక్కుతున్నారన్న ప్రశ్న అందులో లేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళ వరకు ఆ ప్రశ్న మాకు తోచనూ లేదు. 2011 డిసెంబరులో ఒక తెల్లవారుజామున జరిగిన సంగతి తర్వాతనే తోచింది.

రాయలసీమలో అదొక చిన్న సంఘం. పేరు అనవసరం. మంచు దట్టంగా పడుతున్నది. కేంద్రం ముందు మూడు రాతి మెట్లు, వాటిమీద క్యాన్లు కడిగిన నీళ్ళు. మేము లోపల బల్ల దగ్గర కూర్చొని సభ్యత్వపు రిజిస్టరు తిరగేస్తున్నాము. ఒక సభ్యురాలి పేరుకు ఎదురుగా నామినీ గడి ఖాళీగా కనిపించింది. ఈమె ఎవరని అడిగితే, "అదుగో సార్, వస్తా ఉంది" అని కార్యదర్శి వాకిలివైపు చూపించాడు. అరవై అయిదు దాటిన మనిషి. ఒక చేత పాల క్యాను, రెండో చేత టార్చిలైటు. మేము కూర్చున్న చోటి నుంచే, "ఏమవ్వా, నీ వాటాకు వారసుని పేరు వ్రాయించలేదేమి?" అని గట్టిగా అడిగాము. అప్పటికి ఆమె ఒక కాలు రెండో మెట్టుమీద పెట్టి ఉంది. తలెత్తి మావైపు చూసి, "నా మనవడి పేరు రాసుకో సారూ" అంటూనే పక్కకు ఒరిగిపోయింది. క్యాను దొర్లిన చప్పుడు విని పాలు ఒలికాయనుకున్నాము గాని, మనిషి పడిందని మాకు వెంటనే తెలియలేదు.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల కడ్డీ వేశారు. ఆరు నెలలు మంచం. ఆ తర్వాత కర్రపట్టుకొని ఇంట్లో నడిచింది గాని కేంద్రానికి పాలు తేలేదు. ఆవును అమ్మేశారు. ఆ నామినీ గడిని మేమే ఆమె మంచం పక్కన కూర్చొని నింపాము. మరుసటి సంవత్సరం నిర్ణీత రోజులు పాలు పోయని సభ్యుల జాబితాను సరిచూసి సంతకం పెట్టినది కూడా మేమే. అందులో ఆమె నంబరు ఉంది. కారణం వ్రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

ముసలామె చూసుకోకుండా నడిచిందని అక్కడివారు అన్నారు. మేమూ కొంతకాలం అలాగే అనుకున్నాము. అలా అనుకుంటే మనసుకు తేలిక. అయితే ఆమెను చూడబోయిన ఒకరోజు, నడక నేర్పించడానికి వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి ఒక మాట అడిగింది: "పడేముందు ఎవరైనా మాట్లాడించారా?" అవ్వ మావైపు చూసి ఊరుకుంది. ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలని తర్వాత దొరికినవన్నీ చదివాము. మేము చదివినది సహకార డిప్లొమా గాని వైద్యం కాదు. అర్థమైనంత వరకు సంఘాలవారికి చెబుతున్నాము.

నడక మనకు ఊపిరి పీల్చినంత సులభంగా కనిపిస్తుంది. నిజానికి ప్రతి అడుగుకూ ఒక్క క్షణం మనిషి ఒంటికాలిమీద నిలబడతాడు. ఆ క్షణంలో ఒళ్ళు ఎటూ ఒరగకుండా ఉండడానికి మూడు చోట్ల నుంచి వార్త అందాలి: కళ్ళు, చెవి లోపల ఉండే తూనిక అవయవం, అరికాళ్ళు కీళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఈ మూడూ సక్రమంగా పనిచేస్తాయి గనుక మెదడు పెద్దగా కలగజేసుకోదు, నడక దానంతటదే సాగిపోతుంది. అందుకే ఇరవై ఏళ్ళ కోడలు తలమీద బిందె, చంకలో బిడ్డ, నోట్లో మాట, మూడూ పెట్టుకొని గట్టుమీద నడవగలదు.

అరవై దాటేసరికి కంట్లో శుక్లం వస్తుంది. అరికాలికి స్పర్శ తగ్గుతుంది, మధుమేహం ఉంటే మరీ తగ్గుతుంది. తొడకండలు సన్నబడతాయి. వార్తలు ఆలస్యంగానో తప్పుగానో అందుతుంటాయి. అప్పుడు మెదడు ముందుభాగం స్వయంగా పూనుకొని ప్రతి అడుగుకూ ధ్యాస పెట్టవలసి వస్తుంది. ఈ ధ్యాస అన్నది సంఘంలో ఉన్న ఒకే నిధి వంటిది. ఒక పద్దుకు ఎక్కువ ఖర్చు వ్రాస్తే రెండో పద్దుకు మిగలదు. మాట్లాడడం, లెక్కపెట్టడం, జ్ఞాపకం చేసుకోవడం, చేతిలోని పాలు తొణకకుండా చూసుకోవడం, ఇవన్నీ ఆ నిధిలో నుంచే పోవాలి. మేము అడిగిన ప్రశ్నకు మనవడి పేరు వెదకడానికి అవ్వ ఖర్చుపెట్టిన ధ్యాస రెండో మెట్టుకు చాలలేదు.

ఈ సంగతిని తేటగా చూపించినది స్వీడన్ దేశపు పరిశీలన ఒకటి. 1997లో అచ్చయింది. వృద్ధుల వసతిగృహంలో ఉండే 58 మందితో కలిసి నడుస్తూ మాట కలిపారు. అంతే పరీక్ష. యంత్రం లేదు, ఖర్చు లేదు. 58 మందిలో 12 మంది మాట మొదలు పెట్టగానే నడక ఆపి నిలబడ్డారు. తర్వాత ఆరు నెలలు గమనిస్తే ఆ 12 మందిలో 10 మంది ఎప్పుడో ఒకసారి పడిపోయారు. ఆగనివారు 46 మంది. వారిలోనూ 11 మంది పడ్డారు. తనిఖీలో తప్పు దొరకనంత మాత్రాన లెక్కలన్నీ సరిగా ఉన్నాయని మేము ఎప్పుడూ వ్రాయము, ఇదీ అటువంటిదే. మాటకు ఆగినవారి విషయంలో జాగ్రత్త అవసరం. ఆగనివారికి భయం లేదని దీని అర్థం కాదు.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఆగి మాట్లాడే మనిషిని మందబుద్ధి అనీ, చెవుడు అనీ అనుకుంటాము. ఆగడం ఆమె జాగ్రత్త. రెండు పనులు ఒకేసారి తన వల్ల కావని ఒళ్ళు కనిపెట్టి, ఒకదాన్ని పక్కన పెడుతున్నది. అయితే సారు పిలిచినప్పుడు మా అవ్వలు ఆగరు. పెద్ద ఉద్యోగి అడిగితే నిలబడి ఆలోచించడం మర్యాద కాదనుకుంటారు. నడుస్తూనే బదులు పలుకుతారు. మా హోదా కూడా ఆమె చేతి క్యాను మీద మరో బరువైందని మేము ఆలస్యంగా గ్రహించాము.

ఆడవారు ఒకేసారి పది పనులు చేయగలరని మన ఊళ్ళలో గొప్పగా చెప్పుకుంటారు. ఇందులో కొంత నిజముందా అని స్విట్జర్లాండులోని జూరిక్ నగరపు ఆసుపత్రిలో పరీక్షించి 2017లో ప్రకటించారు. ఆరోగ్యంగా ఉన్న 83 మందిని, 18 నుంచి 80 ఏళ్ళ మధ్యవారిని, కదిలే పట్టామీద నడిపించారు. నడుస్తుండగా ఒక చిక్కుప్రశ్న వేశారు: "ఎరుపు" అన్న మాటను పచ్చసిరాతో వ్రాసి చూపించి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమన్నారు. చదువు వచ్చినవారికి ఇది చెప్పినంత తేలిక కాదు, ఇంట్లో ప్రయత్నించి చూడవచ్చు. ఈ ప్రశ్న పడగానే మగవారందరికీ, ఏ వయసువారికైనా, నడకలో కుడిచేతి ఊపు తగ్గింది. అరవై లోపు ఆడవారిలో అలా తగ్గలేదు. అరవై దాటిన ఆడవారిలో మాత్రం మగవారిలాగే తగ్గింది. ఆ చిక్కుప్రశ్న బరువు ఎక్కువగా మెదడు ఎడమభాగం మీద పడుతుంది, కుడిచేతిని ఆడించేదీ ఆ భాగమే. అరవై లోపు స్త్రీలకు ఈ వెసులుబాటు స్త్రీ హార్మోను వల్ల కావచ్చునని పరిశోధకులు ఊహించారు. ఊహే గాని రుజువు కాదు. చేతి ఊపు తగ్గినంత మాత్రాన ఎవరూ పడిపోలేదు కూడా. అయినా మాకు ఇందులో పనికివచ్చే మాట ఒకటుంది. ముప్ఫై ఏళ్ళనాడు తాను చేసినట్టే ఇప్పుడూ చేయగలనన్న నమ్మకంతో అవ్వ క్యాను ఎత్తుకుంటుంది. అలవాటు పాతది, ఒళ్ళు పాతది కాదు, మారిపోయింది.

పడితే నష్టం కూడా ఆడవారికే ఎక్కువ. ముట్లు ఆగిన తర్వాత కొన్నేళ్ళపాటు ఎముకలోని సున్నం వేగంగా తరుగుతుంది. మగవాడు మోకాలు గీరుకొని లేచే చోట ఆమె మణికట్టో తుంటో విరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. అందులో పెద్దపాలు అరవై దాటినవారిదే. విరిగి బతికినవారి లెక్క ఇందులో లేదు.

ఇది విని కొందరు పాలకవర్గ సభ్యులు మాతో, "అయితే ముసలివాళ్ళను రావద్దని, కోడళ్ళను పంపమని చెబుతాము" అన్నారు. అది తప్పు. రోజూ రెండు పూటలా కేంద్రానికి నడవడమే ఆమె కాళ్ళలో సత్తువ నిలుపుతున్నది. ఇంట్లో కూర్చోబెడితే తొడకండ ఇంకా తరిగి, ఒకనాడు గడప దగ్గరే పడుతుంది. పైగా పాలడబ్బు ఎవరి చేతికి వస్తున్నదో, మహాజన సభలో ఎవరు చెయ్యెత్తుతున్నారో ఆలోచించాలి. ఆమె పేరు మీది సభ్యత్వం ఆమెది. ఆమె వచ్చే దారిలో, కేంద్రంలో ఒక సమయానికి ఒకే పని ఉండేటట్టు చూడడమే సంఘం చేయవలసినది.

ఎలాగో చెబుతాము. మొదటిది ఖర్చులేనిది. క్యాను చేతిలో ఉన్న మనిషిని, మెట్టుమీద ఉన్న మనిషిని ఎవరూ పలకరించకూడదు. కార్యదర్శి గాని, టెస్టరు గాని, తనిఖీకి వచ్చిన మావంటివారు గాని. కుశలప్రశ్న అయినా సరే. ఆమె లోపలికి వచ్చి, క్యాను దించి, ఊపిరి తీసుకున్న తర్వాత అడగవలసినవన్నీ అడగవచ్చు. పాస్‌పుస్తకం, ఆధార్ నకలు, దాణా బాకీ, బ్యాంకు కాగితం, ఏదైనా అప్పుడే. ఇప్పుడు చాలా కేంద్రాల్లో యంత్రం వెన్నశాతం చూపి వెంటనే చీటీ ఇస్తున్నది. ఆ చీటీ చేతికిచ్చి "చూసుకో అవ్వా" అంటే ఆమె మెట్లు దిగుతూ చూసుకుంటుంది. లోపలే నిలబెట్టి చదివి వినిపించి, మడిచి సంచిలో పెట్టించి పంపాలి. సెల్‌ఫోను సంగతీ ఇంతే. నడుము దగ్గర దోపుకున్న ఫోను మోగితే నడుస్తూ తీయవద్దని, ముందు ఆగి, గోడ పట్టుకొని, తర్వాత తీయమని మహిళా సభ్యులకు ఒకటికి నాలుగుసార్లు చెప్పాలి.

రెండవది క్యాను దించే చోటు. చాలా కేంద్రాల్లో వరుసలో నిలబడినంతసేపూ క్యాను చేతిలోనే ఉంటుంది, లేదా నేలమీద పెట్టి వంగి జరుపుకుంటూ రావాలి. వాకిలి పక్కన నడుము ఎత్తున ఒక రాతి అరుగు ఉంటే, మెట్లు ఎక్కకముందే దానిమీద పెట్టి, ఖాళీ చేతులతో ఎక్కవచ్చు. లోపలినుంచి కుర్రవాడు అందుకుంటాడు. మా ప్రాంతంలో బండలకు కొదవ లేదు. రెండు నిట్టనిలువు బండలు, పైన ఒకటి అడ్డంగా, ఒక పూట పని. ఖర్చు ఏ పద్దు కింద వ్రాయాలని ఒక కార్యదర్శి మమ్మల్ని లిఖితపూర్వకంగా అడిగాడు. పాలకవర్గం తీర్మానించి మరమ్మతుల కింద వ్రాసుకుంటే మేము అభ్యంతరం చెప్పలేదు.

మెట్ల పక్కన ఇనుపగొట్టం, మెట్ల అంచున తెల్ల సున్నపు గీత, వాకిట్లో దీపం. ఇవి అందరికీ తెలిసినవే. కడిగిన నీళ్ళ విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాము. క్యాన్లు కడగడం మెట్లవైపు కాకుండా పెరటివైపు పెట్టుకోవాలి. పాలజిడ్డు కలిసిన నీళ్ళు నున్నటి బండమీద సబ్బుకన్నా హీనం.

ఎవరికి ఎక్కువ జాగ్రత్త అవసరమో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 1991 నుంచి వైద్యులు వాడుతున్నది. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోమనాలి. వాచీ చూడాలి. పన్నెండు సెకన్లు గాని అంతకన్నా ఎక్కువ గాని పడితే పడిపోయే అవకాశం ఉన్నట్టు అమెరికా ఆరోగ్యశాఖవారు లెక్కకట్టారు. తర్వాత చేతికి నిండు గ్లాసు నీళ్ళిచ్చి అదే నడక మళ్ళీ నడిపించాలి. మొదటిసారికన్నా నాలుగున్నర సెకన్లు గాని ఆపైన గాని ఎక్కువ పడితే, రెండు పనులు కలిసినప్పుడు ఆమె నడక తడబడుతున్నదని అర్థం. 1998లో స్వీడన్‌వారే గమనించిన కొలత ఇది. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఒక మనిషి పక్కనే చెయ్యి అందేటట్టు నడవాలి. పరీక్షలో పడేస్తే మా పాపమే మళ్ళీ జరిగినట్టు. ఎక్కువ సమయం పట్టినవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. కంటిచూపు, రక్తపోటు, చక్కెర, నిద్రమాత్రలేమైనా మింగుతున్నారా, ఇవి వారు చూస్తారు. శుక్లం తీయించుకుంటేనే సగం తడబాటు పోయినవారిని మేము చూశాము.

ఆహారం సంగతి రెండు మాటల్లో. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి నిర్ణయించాయి. నూరు గ్రాముల పాలలో, ఆవువైనా గేదెవైనా, ఉండేది సుమారు 120. కేంద్రానికి నాలుగు లీటర్లు పోసి ఇంట్లో తాను నల్ల కాఫీ తాగే సభ్యురాలు ప్రతి ఊళ్ళోనూ ఉంది. సంఘానికి పాలు తగ్గుతాయని అనుకోకుండా ఒక గ్లాసు ఇంట్లో ఉంచుకోమని చెప్పడం మా సహకార ధర్మానికి విరుద్ధం కాదు. రాగిసంకటి మానవద్దని కూడా చెప్పాలి.

ఈ రెండు పనుల నేర్పు పోతే తిరిగి రాదా? కొంత వస్తుంది. స్విట్జర్లాండులోనే జెనీవాలో 134 మంది పెద్దవారిని, దాదాపు అందరూ స్త్రీలే, తీసుకొని వారానికి ఒక గంట చొప్పున ఆరు నెలలు సంగీతానికి అనుగుణంగా నడవడం నేర్పారు. పియానో వేగం మారితే అడుగు మారాలి, మధ్యలో చేతితో ఇంకో పని చేయాలి. నేర్చుకున్నవారిలో పడిపోవడాలు సుమారు సగానికి తగ్గాయి. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. మన ఊళ్ళకు పియానో రాదు గాని కోలాటం ఉంది. అడుగు, కర్ర, పాట, ఎదుటిమనిషి వచ్చే వేళ, అన్నీ ఒకేసారి చూసుకోవాలి, తాళం పెరిగితే అడుగు పెరగాలి. చదును నేలమీద, పగటిపూట, చేతిలో బరువు లేకుండా, పక్కన మనిషి ఉండగా అటువంటి అభ్యాసం చేయవచ్చు. మెట్లమీద పాల క్యానుతో చేసేది అభ్యాసం కాదు. మహిళా సంఘాలున్న చోట సాయంత్రం పాలు పోసిన తర్వాత అరగంట కోలాటానికి కేంద్రం వాకిలి వాడుకోనిస్తే మంచిది. తనిఖీలో దాన్ని స్థలం దుర్వినియోగంగా వ్రాయబోమని హామీ ఇస్తున్నాము.

మొదట చెప్పిన సంఘానికి ఇప్పటికీ వెళుతున్నాము. మెట్ల పక్కన అరుగు వేశారు. అవ్వ 2016లో పోయింది. నామినీ గడిలో ఉన్న మనవడు వాటాను తన పేరిట మార్పించుకొని రెండు ఆవులు పెట్టాడు. పాలు అతని భార్య తెస్తుంది, నడుస్తూ ఫోను మాట్లాడుతుంది, తొణకదు. ఆమె వెనుక వరుసలో ఇద్దరు పెద్దమనుషులు ఉంటారు. వాళ్ళు క్యాను అరుగుమీద పెట్టేదాకా మేము గోడపక్కన నిలబడి పుస్తకం చూసుకుంటూ ఉంటాము.

ఇటువంటి అరుగు, చేతిగొట్టం ఏర్పాటు చేసుకున్న సంఘాలు దాని ఎత్తు, పట్టిన ఖర్చు, వ్రాసుకున్న పద్దు వివరాలు సంపాదకులకు ఒక కార్డుమీద వ్రాసి పంపితే ఇతర సంఘాలకు ఉపయోగంగా ఉంటుంది. కేంద్రంలో ఎవరైనా పడిన సందర్భం ఉంటే తేదీ, వేళ, అప్పుడు ఆమె చేతిలో ఏముంది, ఎవరు పిలిచారు అన్నది కూడా వ్రాయగలరు. సభ్యురాలి పేరు వ్రాయనక్కరలేదు.